పప్పులమిల్లు వీధి అడుగులు

అడుగుపట్టీ మీద నడిచిన మొదటి బయటి మనిషి కృపావతి వాళ్లమ్మ ఎస్తేరమ్మే.

ల్యాబ్ అంటే పెద్దదేం కాదు. కాకినాడలో ఒక పాత బియ్యం గోడౌన్‌ని బాగుచేయించి శేషగిరిగారు ఆరుగురు ఇంజనీర్లతో నడుపుతున్నాడు. ఎస్తేరమ్మ ముప్పయ్యేళ్లు పల్లెల్లో నర్సుగా తిరిగి రిటైరైన మనిషి. కూతురు ఏం పనిచేస్తుందో చూద్దామని ఓ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వచ్చింది. నేల మీద అడ్డంగా పరిచిన నల్లటి రబ్బరు పట్టీని చూసి, "ఇదేంటే, కాళ్లు తుడుచుకునే పట్టాలా ఉంది" అంది.

"దాని మీంచి అటూ ఇటూ నాలుగుసార్లు నడువమ్మా" అంది కృప.

ఎస్తేరమ్మ నడిచింది. స్క్రీన్ మీద ఒక్కో వరసా వచ్చింది. ఆడమనిషి. వయసు అరవై నాలుగుకీ అరవై ఏడుకీ మధ్య. కుడిచేతిలో రెండు కిలోల బరువు. కుడి మోకాలు అరిగింది. క్యారేజీ సంగతి కూడా చెప్పేసరికి అందరూ నవ్వారు. ఎస్తేరమ్మ కూడా నవ్వింది. ఆఖరి వరస వచ్చాక మాత్రం కృప నవ్వలేకపోయింది. పాదాల్లో స్పర్శ తగ్గుతోంది, బి-పన్నెండు విటమిన్ లోపం కావచ్చు అని ఉంది అందులో.

ఆ సాయంత్రమే సెలవు పెట్టి అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. రక్తపరీక్షలో అదే తేలింది. ఏడాదిగా కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని, వయసు మీద పడుతోంది కదా అని ఎవరికీ చెప్పలేదని ఎస్తేరమ్మ అప్పుడు ఒప్పుకుంది. మూడు నెలలు ఇంజెక్షన్లు చేయించుకుంటే తగ్గిపోయింది. చర్చిలో కనబడిన ప్రతివాళ్లకీ కూతురు చేసిన పట్టా గురించి చెప్పింది.

శేషగిరిగారు ఆ పట్టీని ఆసుపత్రుల కోసమే తయారుచేశాడు. నాలుగేళ్లు తిరిగాడు. అందరూ బాగుందన్నవాళ్లే, చూద్దామన్నవాళ్లే. చివరికి కొన్నది ఊళ్లో కొత్తగా దుకాణాలు తెరవాలనుకుంటున్న ఒక రిటైల్ సంస్థ. ఏ వీధిలో ఏ వయసువాళ్లెంతమంది ఉన్నారు, ఈరోజు ఏం కొంటున్నారు, మూడేళ్లు పోయాక ఏం కొంటారు, ఇదీ వాళ్లకి కావలసింది. ఇంటింటికీ కాగితాలు పట్టుకుని తిరిగే సర్వేల మీద వాళ్లకి నమ్మకం పోయింది. అడిగితే జనం తినేదొకటి, చెప్పేదొకటి. వీధికి అడ్డంగా పట్టీ వేసి నలభై రోజులు ఊరుకుంటే, ఎవర్నీ ఏమీ అడక్కుండానే వీధి మొత్తం తెలిసిపోతుంది. ఏ అడుగులో కడుపుతో ఉన్న మనిషి బరువుంది, ఏ అడుగు నెల కిందటికంటే పొట్టిదైంది, అన్నీ ఆ పట్టీకి అందుతాయి. పేర్లుండవు, ఒక్కో నడకకీ ఒక్కో నంబరు ఉంటుంది.

మొదటి వీధిగా పప్పులమిల్లు వీధిని ఎంచుకున్నారు. నూట ఎనభై గడపలు, రెండువైపులా మురుగుకాలవ, మొదట్లో టైలర్ గవర్రాజు కొట్టు. ఆ వీధి బాధ్యత కృపకి ఇచ్చారు.

పట్టీకి కరెంటు కావాలి. కృప వెళ్లి గవర్రాజుని అడిగింది. అతనికి యాభై రెండేళ్లు. ముప్పయ్యేళ్లుగా ఆ వీధి ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టింది అతనే. మిషన్ మీద వంచిన తల ఎత్తకుండానే విన్నాడు.

"దీనివల్ల మాకేం వస్తుందండి అమ్మాయిగారూ?"

"వీధిలో ఎంతమంది తిరుగుతారో లెక్క తేలితే ఇక్కడికో మంచి దుకాణం వస్తుంది మాస్టారూ."

"అదీ మంచిదే. మా ఆవిడ సబ్బుబిళ్లకి కూడా మెయిన్‌రోడ్డు దాకా నడుస్తాది" అని ప్లగ్గు చూపించాడు. ఇదేంటని వీధివాళ్లడిగితే, "మనకోసమేలెండి, ఆ అమ్మాయి నాకు తెలుసు" అని తనే సర్దిచెప్పాడు. శ్రావణమాసం, కొట్టు నిండా పట్టుబట్టలు. కృప వారానికి రెండుసార్లు పట్టీకి తగిలించిన పెట్టె చూసుకోడానికి వచ్చేది. వచ్చినప్పుడల్లా గవర్రాజు భార్య మంగతాయారు మజ్జిగ ఇచ్చేది.

సెప్టెంబరు తొమ్మిదిన, ల్యాబ్‌లో కూర్చుని నడకలు వరసపెట్టి చూసుకుంటుంటే ఏడో నంబరు దగ్గర కృప ఆగిపోయింది. మగమనిషి, యాభై దాటాడు, రోజుకి నలభైసార్లు పట్టీ దాటుతాడు, పొద్దున్న పదకొండుకీ సాయంత్రం నాలుగుకీ పట్టీ అవతల ఉన్న టీబడ్డీకి వెళ్లొస్తాడు. పేరు లేకపోయినా అదెవరో కృపకి తెలిసిపోయింది. పక్కన రాసుంది: నడకలో పట్టు తప్పుతోంది. మెడ దగ్గర వెన్నుపాము నలుగుతోంది. ఏడాదిలో చేతికర్ర, ఏడాదిన్నరలోపు చక్రాల కుర్చీ.

అది జబ్బు పేరుగా రాసిలేదు. 'రాబోయే కొనుగోళ్లు' అనే వరసలో ఉంది.

కృప ఆ కాగితం పట్టుకుని శేషగిరిగారి గదిలోకి వెళ్లింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఎవరో తెలుసా నీకు?"

"తెలుసు సార్. మనకి కరెంటిచ్చిన టైలర్. ఇప్పుడే చెబితే ఆపరేషన్‌తో ఆగుతుంది."

"ఒక్కడికి చెబితే మిగతావాళ్ల సంగతేంటి? ఈ వీధిలో ఇలాంటివాళ్లు నలభై ఒక్కరున్నారు. ఎవరు ఎవరో కనుక్కోకూడదని ఒప్పందంలో మనమే రాసిచ్చాం. పైగా మనం డాక్టర్లం కాదు కృపా. తప్పైతే? బతికినంతకాలం కుట్టుకునే మనిషిని ఉత్తపుణ్యాన భయపెట్టినట్టవుతుంది."

కృపకి అమ్మ గుర్తొచ్చింది. అప్పుడు తప్పైతే ఏమవుతుందని తను క్షణమైనా ఆలోచించలేదు. ఆ మాట అనబోయింది. అనలేదు. శేషగిరిగారు చెప్పిన కారణాలు విన్నాక తన గుండెల మీద బరువేదో దిగినట్టనిపించింది. చెప్పకపోవడం తన తప్పు కాదు, ఒప్పందం అలా ఉంది. ఆరోజు ఎంత తేలిగ్గా ఇంటికెళ్లిందో తర్వాత తల్చుకున్నప్పుడల్లా ఆమెకి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయేది.

రెండు రోజులకి వీధిలోకి వెళ్లేసరికి గవర్రాజు గుండీ కుట్టడానికి తంటాలు పడుతున్నాడు. గుండీ వేళ్లలోంచి జారి కిందపడింది. వంగి తీసుకుని, "కళ్లజోడు మార్చాలేమోనండి" అన్నాడు. తర్వాత పట్టీ వంక చూస్తూ అడిగాడు.

"రోజూ దీన్ని తెగ తొక్కేస్తున్నాను కదండీ. ఇది నా గురించేమన్నా చెబుతాదా?"

"అబ్బే, ఎంతమంది నడిచారో లెక్కేస్తుందంతే మాస్టారూ."

"అయితే నేనొక్కణ్ణే నలభైమందినన్నమాట" అని నవ్వాడు. కృప కూడా నవ్వింది. మంగతాయారు ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేసింది.

అక్టోబరులో రిటైల్ సంస్థ పెద్దల ముందు కృపే నిలబడి రిపోర్ట్ చెప్పింది. మూడేళ్లలో ఆ వీధి ఎలా మారుతుందో బొమ్మలు చూపించింది. కిరాణా కంటే అక్కడ చేతికర్రలు, నడుం పట్టీలు, చక్రాల కుర్చీలు, మంచానపడ్డవాళ్లకి కావలసిన సామాన్లు ఎక్కువ పోతాయంది. ఇదంతా ఎంత ఖాయమని ఒకాయన అడిగాడు.

"మా అమ్మగారి విషయంలో పరీక్ష చేయించి చూశామండి. అక్షరాలా నిజమైంది" అంది కృప.

వాళ్లు తలలూపారు. ఆ మరుసటి వారమే ఆమెకి ఇంకో పన్నెండు వీధులు అప్పగించారు. పట్టీలు వేయించడం, తీయించడం, రిపోర్ట్ రాయడం. పప్పులమిల్లు వీధివైపు వెళ్లే అవసరం లేకుండా పోయింది. అవసరం ఉన్నా ఆమె వేరే ఎవరినో పంపేది.

ఏప్రిల్‌లో మాత్రం తప్పలేదు. అక్కడ తెరిచిన దుకాణంలోకి ఎవరెవరు వస్తున్నారో చూడాలని సంస్థవాళ్లు కబురు పెట్టారు. కృప వెళ్లేసరికి వీధి మొగలో అద్దాల దుకాణం మెరిసిపోతోంది. అద్దాల వెనక కర్రలు, కుర్చీలు, మెత్తటి దిళ్లు వరసగా ఉన్నాయి. టైలరు కొట్టు సగం తలుపు వేసుంది. మిషన్ మీద దుప్పటి కప్పేశారు. గుమ్మం దగ్గర చక్రాల కుర్చీలో గవర్రాజు కూర్చునున్నాడు. మెడకి పట్టీ, ఒళ్లో రెండు చేతులు. వేళ్లు సగం ముడుచుకుని ఉన్నాయి.

మంగతాయారు ఆమెని చూసి లేచి వచ్చింది.

"ఎన్నాళ్లకమ్మా! రండి, కూర్చోండి. చూసేరు కదా మీ మాస్టారి అవతారం. సంక్రాంతి వెళ్లేక గుమ్మంలో పడిపోయేరు. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే మెడలో నరం నలిగిపోయిందన్నారు. మార్చిలో ఆపరేషన్ చేసేరు. ఆర్నెల్లు ముందొచ్చుంటే చేతులు దక్కేవి, ఇప్పుడు ఉన్నదాన్ని నిలబెట్టడమేనన్నారు డాక్టరుగారు. ముందెలా తెలుస్తాదమ్మా, నొప్పన్నా లేకపాయె."

కృప చూపు కుర్చీ చక్రాల మీదికి వెళ్లింది.

"ఆ దుకాణం రాబట్టి కుర్చీ ఇక్కడే దొరికింది. ఎవరో మహానుభావులు, మా వీధికి ఏం కావాలో మాకంటే ముందు ఆలోచించి పెట్టేరు. మీరు అప్పుడు లెక్కేసి వెళ్లబట్టే కదా వచ్చింది. మీ పేరు చెప్పుకుంటానే ఉంటాం."

గవర్రాజు కూడా తలూపాడు. "కూర్చోండి అమ్మాయిగారూ" అన్నాడు.

పనుందని అబద్ధం చెప్పి కృప అక్కణ్ణించి బయటపడింది. పెట్టె బిగించలేదు, పట్టీ పరచలేదు. నేరుగా ఇంటికి వచ్చింది. ఎస్తేరమ్మ వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కృప పక్కన కూర్చుని మొత్తం చెప్పింది. చివర్లో, "ఒప్పందం అలా ఉందమ్మా, సార్ వద్దన్నారు" అంది.

ఎస్తేరమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"నా సంగతి తెలిసిన సాయంత్రమే ఆటో ఎక్కించావు కదే. అప్పుడు ఏ సారునడిగావు?"

కృప చిక్కుడుకాయల చేట తనవైపు లాక్కుంది.

"నేను జొన్నాడ లంకల్లో పనిచేసినప్పుడు పడవ లేకపోతే మెడలోతు నీళ్లలో నడిచెళ్లి చెప్పేదాన్ని, పిల్లాడికి రక్తం లేదమ్మా అని. అది నా డ్యూటీ అని కాదు. తెలిశాక ఊరుకోలేక." చేతిలో కాయ పక్కన పెట్టి, "నా కాళ్లు బాగయ్యాయని చర్చినిండా చెప్పుకున్నాను" అంది. ఆ తర్వాత ఆవిడ సాయంత్రం దాకా కూతురితో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే కృప పప్పులమిల్లు వీధికి వెళ్లింది. మంగతాయారు కాఫీ తెచ్చిచ్చింది. కృప గ్లాసు పట్టుకుని నిలబడే చెప్పింది. పట్టీ ఏమేం చెబుతుందో, తను ఏం చదివిందో, ఎవరితో చెప్పిందో, ఎవరితో చెప్పలేదో అన్నీ. మంగతాయారు మొదట అర్థంకానట్టు భర్త వంక చూసింది. అర్థమయ్యాక కృప చేతిలోంచి గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

గవర్రాజు ఒళ్లోని చేతులు చూసుకున్నాడు.

"ఏ రోజు తెలిసింది మీకు?"

"సెప్టెంబరు తొమ్మిది."

"నేను మిమ్మల్నడిగేను. నా గురించేమన్నా చెబుతాదా అని. అది ముందా, తర్వాతా?"

"తర్వాతేనండి. రెండ్రోజుల తర్వాత."

"నవ్వేరు కదండీ మీరు" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. అలా జరిగిందా లేదా అని సరిచూసుకుంటున్నట్టుంది.

"నవ్వాను."

వీధిలో ఎవరో సైకిల్ మీద పోతూ అతనికి దండం పెట్టాడు. గవర్రాజు తలూపాడు. సైకిల్ మలుపు తిరిగాక అడిగాడు.

"ఇంకెంతమంది?"

"మీతో కలిపి నలభై ఒక్కరు."

"వాళ్లకి తెలుసా?"

"తెలీదు. పేర్లు మాకూ తెలీవు. నంబర్లూ నడకలూ రాసుంటాయంతే."

"ఆ కాయితాలు పట్రండి, మేడం" అన్నాడు.

అమ్మాయిగారు అనే పిలుపు మళ్లీ ఎన్నడూ ఆమెకి వినబడలేదు.

కృప ల్యాబ్‌కి వెళ్లి శేషగిరిగారి ఎదురుగానే ఆ జాబితా ముద్రించింది. ఏం చేయబోతోందో చెప్పింది. ఆయన ప్రింటర్ ఆపలేదు. "నేనీ పట్టీని ఆసుపత్రుల కోసం చేశాను కృపా" అన్నాడు.

"తెలుసు సార్."

"రేపట్నుంచి నువ్వు రాకపోవడం మంచిది. సంస్థవాళ్లు నామీదికి వస్తారు."

"అలాగే సార్" అని కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం కొట్టు గుమ్మంలో కూర్చుని ఒక్కో నంబరూ చదవడం మొదలుపెట్టింది. "ఎనభై ఏడు. ఆడమనిషి, యాభై ఐదు. పొద్దున్న ఐదున్నరకి వెళ్లి ఆరింటికి వస్తుంది. వచ్చేటప్పుడు ఎడమచేతిలో బరువు. ఎడమ మడమ ఈడుస్తుంది."

గవర్రాజు కళ్లు మూసుకున్నాడు. "పాలకెళ్లే చిట్టెమ్మ. ఆవిడ ఎడమ భుజం వేలెడు కిందకుంటాది. జాకెట్టు అటుపక్క జార్చి కుట్టేవోణ్ణి. తర్వాత?"

"నూట నలభై. ఆడమనిషి, పంతొమ్మిది. తొమ్మిదింటికి వెళ్లి ఐదుకి వస్తుంది. తొడ కండరాల్లో బలం తగ్గుతోంది."

అతను కళ్లు తెరిచి వీధి అవతలికి చూశాడు. "ఎదురింటి పిల్ల, నీరజ. మొన్న పరికిణీ బిగువైందని తెచ్చింది. ఒళ్లు చేసిందనుకున్నాను" అన్నాడు. మంగతాయారు లోపలి గుమ్మంలోంచి వింటోంది.

ముప్పయ్యేళ్లు వీధి మొత్తాన్ని టేపుతో కొలిచిన మనిషి. భుజం, నడుం, వీపు వంపు అన్నీ అతనికి గుర్తే. మగవాళ్లని నడకనిబట్టీ, బడ్డీ దగ్గర నిలబడే తీరునిబట్టీ చెప్పాడు. పొద్దుగూకక ముందే జాబితాలో ఒక్కటి తప్ప అన్ని నంబర్ల పక్కనా పేర్లు పడ్డాయి.

"ఇవి ఆసుపత్రివాళ్లకి ఇచ్చేస్తే వాళ్లే కబురు చేస్తారు" అంది కృప.

"వద్దండి. మీరెళ్లి చెప్పండి. ఒక్కో గుమ్మంలో నిలబడి, మీ నోటితో చెప్పండి. నాకు చెప్పినట్టే మొత్తం చెప్పాలి" అన్నాడు గవర్రాజు. "మా ఆవిడ ఇళ్లు చూపిస్తాది."

మంగతాయారు చెప్పులేసుకుని ముందు నడిచింది. ప్రతి ఇంటి దగ్గరా తలుపు కొట్టి, "ఈవిడ మీకేదో చెప్పాలంట" అని పక్కకి తప్పుకునేది. అక్కణ్ణించి కృప చెప్పుకోవాలి. తన పేరు, ఉద్యోగం, పట్టీ, నంబరు, ఎప్పుడు తెలిసిందీ, ఎందుకు చెప్పలేదూ. మొదటి రెండిళ్లలో మాటమాటకీ తడబడింది. పదో ఇంటికి మాటలు వరసగా రావడం మొదలయ్యాయి, అలా వస్తున్నందుకు ఇంకా సిగ్గేసింది. ఒకాయన మధ్యలోనే తలుపు వేసేశాడు. ఒకావిడ ఏడ్చింది. చిట్టెమ్మ మాత్రం అంతా విని నిదానంగా అడిగింది.

"నా కాలు సంగతి నాకు తెలీకముందే ఆ కొట్టువోళ్లకి తెలుసన్నమాట."

"తెలుసండి."

"నీకూ తెలుసు."

"తెలుసు."

"నేను ఆ కొట్టు తెరిచిన రోజున వెళ్లి కొబ్బరికాయ కొట్టేను" అంది చిట్టెమ్మ. అని గుమ్మంలోంచి లేచి లోపలికి వెళ్లింది. వెళుతుంటే ఎడమ మడమ నేలకి రాసుకుంటున్న చప్పుడు కృపకి స్పష్టంగా వినబడింది.

మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు నుంచి ఎస్తేరమ్మ వచ్చి, అడిగినవాళ్లందర్నీ ఆటోల్లో ఆసుపత్రికి తీసుకెళ్లింది. నీరజకి థైరాయిడ్ అని తేలింది, మాత్రలతో కుదురుకుంది. చిట్టెమ్మకి నడుంలో నరం సరిచేశారు. పదకొండుమందికి సమయానికే అందింది. ఇద్దరికి ఆలస్యమైపోయింది. మిగతావాళ్లలో కొందరికి పట్టీ చెప్పింది తప్పని తేలింది, కొందరు పరీక్షకే రామన్నారు. సంగతి బయటికి పొక్కాక రిటైల్ సంస్థ దుకాణం మూసేసుకుంది. శేషగిరిగారి ల్యాబ్‌కి తాళం పడింది. కృప మీద ఒప్పందం మీరిన కేసు నడుస్తోంది. గవర్రాజు వేళ్లు మాత్రం అలాగే ఉన్నాయి.

మిగిలిపోయిన నంబరు మూడొందల పన్నెండు. మగమనిషి, నలభై ఐదు దాటాడు. ఆదివారాలు మాత్రమే వస్తాడు. పదింటికి వచ్చి పన్నెండుకి వెళ్లిపోతాడు. వీధివాడు కాదు. ఆదివారం కొట్టుకి సెలవు కాబట్టి గవర్రాజుకి అతన్ని చూసిన గుర్తులేదు. అతనికున్నది గవర్రాజుకున్న జబ్బే. పట్టీ చూసేటప్పటికి ఇంకా మొదట్లో ఉంది.

అందుకని ఆదివారమైతే చాలు, గవర్రాజు కుర్చీని గుమ్మంలోకి తోయించుకునేవాడు. కృప వచ్చి మెట్టు మీద కూర్చునేది. ఇద్దరూ వచ్చేపోయేవాళ్ల కాళ్లు చూసేవాళ్లు. ఆమె అక్కడెందుకు కూర్చుందో వీధిలో అందరికీ తెలుసు. కొందరు చెప్పులు టపటపలాడించుకుంటూ, ఆమెని చూడనట్టు దాటిపోయేవాళ్లు. మంగతాయారు భర్తకి మంచినీళ్లు తెచ్చేది. రెండో గ్లాసు ఎప్పుడూ ఉండేది కాదు.

నాలుగో ఆదివారం, పదవుతుండగా, చేతిసంచితో ఒక సన్నటి మనిషి వీధిలోకి తిరిగాడు. తెల్లచొక్కా, ట్యూషన్ చెప్పే మాస్టార్లాగున్నాడు. రెండు పాదాలూ నేలని వదలడానికి కొంచెం బద్ధకించినట్టు పడుతున్నాయి. మామూలు కంటికి ఆనదు. గవర్రాజు కుర్చీలో ముందుకి వంగాడు.

"అదే మేడం. నాకూ మొదట అలాగే ఉండేది. వెళ్లండి."

కృప లేచింది. ఎండలో నాలుగడుగులు వేసి అతని ఎదురుగా నిలబడింది. అతను దారి అడుగుతుందేమో అనుకుని ఆగాడు.

"అయ్యా, నా పేరు కృపావతి. మీరు నన్నెరగరు. మీ ఆరోగ్యం గురించి మీకో మాట చెప్పాలి. నిరుడు సెప్టెంబరులోనే చెప్పాల్సింది."